పాత ఇంజను సిలిండరు బ్లాకు పరిశీలన

సిలిండరు బ్లాకు మోటారు ఇంజనుకు ఆధారమైన భాగము. పాత కార్లలో ఇది ఎక్కువగా పోత ఇనుముతో చేయబడినది. ఇంజనును పునర్నిర్మించుటకు ముందు బ్లాకును గుర్తించి, దాని స్థితిని అంచనా వేయవలెను. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన హిందుస్థాన్ అంబాసిడరు ఇందుకు చక్కని ఉదాహరణ.

గుర్తింపు

అంబాసిడరులో 1489 ఘ.సెం.మీ. పెట్రోలు, డీజిలు ఇంజనులే కాక తరువాతి కాలంలో ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను కూడా వాడబడినది. కనుక కారు పేరును బట్టి మాత్రమే విడిభాగాలు కొనరాదు. ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పత్రంతో సరిపోలవలెను. ఇంజను మార్చినచో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆ మార్పును నమోదు చేయించవలెను.

కొలతలు

1489 ఘ.సెం.మీ. పెట్రోలు ఇంజనులో సిలిండరు అసలు వ్యాసం 73.025 మి.మీ. ప్రతి సిలిండరును పైన, మధ్యన, అడుగున రెండేసి దిశలలో కొలవవలెను. పై రింగు తిరుగాడే చోట అరుగుదల అధికం. అరగని అడుగుభాగమే 74.04 మి.మీ. ఉన్నచో, బ్లాకు ఇదివరకే 40 థౌ బోరింగు అయినదని గ్రహించవలెను. అట్టి బ్లాకు మరల అరిగినచో స్లీవులు అవసరం కావచ్చును. మెయిను బేరింగు క్యాపులు ఆ బ్లాకుతోనే కలిపి కోయబడినవి; వేరొక బ్లాకువి అమర్చరాదు.

నీటి ప్రభావం

సున్నపురాతి పొరలు విస్తారంగా గల కర్నూలు, కడప ప్రాంతాలలో పలుచోట్ల బోరునీరు కఠినజలం. దానిని రేడియేటరులో పోసినచో నీటి మార్గాలలో సుద్ద పేరుకొని ఇంజను వేడెక్కును. బ్లాకు పగులవచ్చును, పైతలం వంగవచ్చును. అందువలన సుద్ద తొలగించి, పైతలాన్ని ఉక్కు బద్దతో సరిచూసి, పీడన పరీక్ష చేయించవలెను. ఈ పరీక్షకు ముందే బోరింగు చేయించినచో, పగులు బయటపడినపుడు ఆ ఖర్చు వృథా కాగలదు.