బేగం బజార్ నుంచి గోషామహల్ దాకా – ఒక నియోజకవర్గం కథ

బేగం బజారంటే మనకు వెంటనే జ్ఞాపకం వచ్చేవి స్టీలు సామాను, ఎండు ఫలాలు, ఉస్మాన్‌గంజ్ వైపు బరువులు లాగే హమాలీలు. రెండవ ఆసఫ్ జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం ఇక్కడి భూమిని వర్తకులకు ఇచ్చినందున ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఒకప్పుడు అది శాసనసభా నియోజకవర్గం పేరు కూడా అన్న సంగతి మన పిల్లలలో చాలామందికి తెలియదు.

1952లో హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు జరిగిన ఎన్నికలలో బేగం బజార్ నుంచి గెలిచిన కాశీనాథరావు వైద్య ఆ సభకు స్పీకరైనారు. అప్పటి ఓటింగు పద్ధతి వేరు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టె మీద ఆయన గుర్తు. ముద్ర వేసే పని లేదు. కాగితాన్ని తమకు నచ్చినవారి పెట్టెలో వేసి రావడమే. 1962 ఎన్నికల నాటికి ముద్ర వేసే పద్ధతి వచ్చింది. పోలింగు డ్యూటీకి వెళ్ళి, లాంతరు వెలుగులో లెక్కలు సరిచూసి, పెట్టెలకు లక్క సీలు వేసిన మిత్రులు మన సంఘంలో ఎందరో ఉన్నారు. వారికి ఇదంతా వేరే చెప్పనక్కరలేదు.

1967 నాటికి ఈ ప్రాంతానికి మహారాజ్‌గంజ్ నియోజకవర్గం ఏర్పడింది. ఆ ఏడు ఇక్కడ గెలిచినవారు సంయుక్త సోషలిస్టు పార్టీకి చెందిన బద్రీ విశాల్ పిత్తి. నిజాంల కాలం నుంచి పేరున్న మార్వాడీ సంపన్న కుటుంబంలో పుట్టి, రామమనోహర్ లోహియా శిష్యుడై, 'కల్పన' అనే హిందీ సాహిత్య పత్రికను నడిపిన మనిషి ఆయన. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ చేత రామాయణ చిత్రాలు వేయించినదీ ఆయనే. గద్దె మీద కూర్చుని లెక్కలు రాసే సేఠ్‌ల పేటలో ఒక సోషలిస్టు గెలవడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే తోస్తుంది. ఇక్కడి ఓటరు జెండా కన్నా మనిషిని చూశాడనే నేననుకుంటాను.

1985లో ఇదే మహారాజ్‌గంజ్ నుంచి తెలుగుదేశం తరఫున గెలిచిన జి. నారాయణరావు కూడా స్పీకరైనారు. 1989లో కాంగ్రెస్ నుంచి ముఖేష్ గౌడ్, 1999లో బి.జె.పి. నుంచి ప్రేమ్‌సింగ్ రాథోడ్, 2004లో మళ్ళీ ముఖేష్ గౌడ్. 2009 ఎన్నికలకు ముందు జరిగిన పునర్విభజనలో మహారాజ్‌గంజ్ పేరు కూడా పోయి గోషామహల్ వచ్చింది.

2018 పోటీని మాత్రం కాస్త నిలిచి చూడాలి. అభ్యర్థులలో ముగ్గురు ముఖ్యులూ ఈ ప్రాంతానికి ఎప్పుడో ఒకప్పుడు ఎమ్మెల్యేలుగా ఉన్నవారే. బి.జె.పి. నుంచి రాజాసింగ్, టి.ఆర్.ఎస్.లోకి మారిన రాథోడ్, కాంగ్రెస్ నుంచి ముఖేష్ గౌడ్. రాజాసింగ్ 17,734 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రాష్ట్రంలోని 119 స్థానాలలో ఆ ఏడు బి.జె.పి.కి దక్కినది ఇదొక్కటే. 2014లో ఆయన ఆధిక్యం 46,793. నాలుగేళ్ళలో సగానికి పైగా తగ్గిందన్నమాట. రాథోడ్ పాత పరిచయాలు కొంత పనిచేసి ఉండవచ్చును.

అసలైన హోరాహోరీ పక్కనున్న నాంపల్లిలో. 2009 నుంచి అక్కడ మజ్లిస్ గెలుస్తూ వస్తున్నా, 2023లో మాజిద్ హుసేన్‌కు కాంగ్రెస్ అభ్యర్థి ఫిరోజ్ ఖాన్‌పై వచ్చిన ఆధిక్యం 2,037 ఓట్లు మాత్రమే. రెండు పోలింగు కేంద్రాల జాబితా తీస్తే దాదాపు అంతమంది పేర్లు ఉంటాయి. ఇల్లు మారిన కొడుకు పేరు పాత వీధిలోనే ఉండిపోవడం, కోడలి పేరు ఎక్కకపోవడం మన ఇళ్ళలోనూ జరిగేదే కదా.

ఆ 2023 ఎన్నికలలోనే 80 ఏళ్ళు దాటినవారు ముందుగా 12-డి ఫారం ఇస్తే సిబ్బంది ఇంటికి వచ్చి ఓటు వేయించుకున్నారు. 2024 లోక్‌సభ ఎన్నికలకు ఆ వయసును 85కు పెంచారు. అంటే 2023లో మంచం దగ్గరే ఓటు వేసిన 81 ఏళ్ళ పెద్దాయన, ఆరు నెలలకే కర్ర పట్టుకుని వరుసలో నిలబడవలసి వచ్చింది.