సుంకమా, రుచియా? దిగుమతి ఎర్ర వైన్ ధరపై చారిత్రక పరిశీలన: ఇంగ్లండ్ అనుభవం

వ్యాససంగ్రహం

పుట్టిన నేలను విడిచి పరదేశపు రేవుకు చేరిన ఎర్ర వైన్ ధర పెరుగుతుంది. ఆ అదనపు ధరకు తగిన గుణం అందులో ఉన్నదా అన్న ప్రశ్నను బోర్డో వైన్, ఇంగ్లండ్ మార్కెట్ల మూడు శతాబ్దాల సంబంధం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధరలో శ్రమ, రవాణా, సుంకం, కీర్తి అనే నాలుగు పాళ్లు కలిసి ఉంటాయనీ, వాటిని విడదీయకుండా ‘గిట్టుబాటు’ను నిర్ణయించడం సాధ్యం కాదనీ, పన్ను సృష్టించిన తేడాను రుచిలోని తేడాగా కొనుగోలుదారులు పొరబడిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్లారెట్, పోర్ట్, మెథ్యూన్ ఒప్పందం, పరిమాణ సుంకం, 1855 వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం

దూరం నుండి వచ్చిన వస్తువు మేలైనదన్న నమ్మకం అన్ని సమాజాలలోనూ కనిపిస్తుంది. ఆ నమ్మకానికి కొంత ఆధారం ఉన్నది. చల్లని దేశాలలో ద్రాక్ష సరిగా పండదు. స్కాట్లండులో గాజు గదులు కట్టి, నేలను వెచ్చబరచి మంచి ద్రాక్షను పండించవచ్చుననీ, దానితో మంచి వైన్ కూడా తీయవచ్చుననీ, అయితే అంతే మంచి వైన్‌ను విదేశాల నుండి తెప్పించుకోవడానికయ్యే ఖర్చుకు అది సుమారు 30 రెట్లవుతుందనీ ఆడం స్మిత్ 1776లో వివరించాడు. ఈ దృష్టితో చూస్తే దిగుమతి వైన్ ఇంగ్లండుకు లాభసాటి బేరమే. కాని స్మిత్ కాలంలో లండన్ వర్తకుడు చెప్పిన ధరలో ప్రకృతి ఇచ్చిన సౌలభ్యం కంటే రాజ్యం వేసిన భారమే ప్రస్ఫుటంగా ఉండేది. ఈ భారం తాగేవారి అభిరుచిని ఎలా మలచినదన్నదే ఇక్కడి విచారణ.

2. నేల, పేరు

1152లో ఆక్విటేన్ రాజ్యాధికారిణి ఎలియనోర్ హెన్రీ ప్లాంటాజెనెట్‌ను వివాహమాడింది. రెండేళ్లకు అతడు ఇంగ్లండ్ రాజయ్యాడు. దీనితో బోర్డో ప్రాంతపు వైన్‌కు ఇంగ్లండ్ దాదాపు స్వదేశీ మార్కెట్టయింది. 1453లో కాస్టియాన్ యుద్ధంలో ఓడి ఆంగ్లేయులు ఆ ప్రాంతాన్ని కోల్పోయినా వర్తకం ఆగలేదు. లేతరంగు వైన్‌ను సూచించే ‘క్లారే’ అనే ఫ్రెంచి మాటే ఆంగ్లేయుల నోట ‘క్లారెట్’ అయింది. చాలాకాలం అది ఏ ఏటికాయేడు తాగవలసిన సాధారణ పానీయమే. ఏ తోటలో పండినదన్న పట్టింపు అంతగా లేదు.

17వ శతాబ్దంలో ఈ స్థితి మారింది. లండనులోని ఒక పానశాలలో తాను రుచి చూసిన ‘ఓబ్రియాన్’ వైన్ గురించి సామ్యూల్ పెపీస్ 1663 ఏప్రిల్ 10న తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ తోట యజమానులైన పోంటాక్ కుటుంబం 1666లో లండనులోనే ఒక భోజనశాలను తెరిచి తమ సరుకుకు తమ పేరుతోనే గిరాకీ కల్పించింది. 1677లో తత్త్వవేత్త జాన్ లాక్ స్వయంగా ఆ తోటకు వెళ్లి చూశాడు. ఏ పంటకూ పనికిరాదన్నట్టుండే ఇసుక, గులకరాళ్ల నేల అతనికి కనిపించింది. ధర పెరగడానికి కారణాన్ని కూడా అతడు గుర్తించాడు. ఎంతైనా ఇచ్చి ఆ వైన్‌నే తెప్పించమని ధనిక ఆంగ్లేయులు వర్తకులకు రాస్తున్నారు. నేల గుణం, కొనేవాడి ఆత్రం కలిసి ధరను నిర్మిస్తున్నాయన్న పరిశీలన ఇంత తొలినాళ్లలోనే నమోదు కావడం గమనార్హం.

3. సుంకం సృష్టించిన అభిరుచి

ఆ తరువాత యుద్ధాలు వచ్చాయి. 1678 నుండి 1685 వరకు ఇంగ్లండులో ఫ్రెంచి వైన్ దిగుమతిపై నిషేధం అమలైంది. 1690ల నాటికి ఫ్రెంచి వైన్‌పై సుంకం పోర్చుగీసు వైన్‌పై ఉన్నదానికి సుమారు రెట్టింపయింది. 1703 డిసెంబరు 27న కుదిరిన మెథ్యూన్ ఒప్పందం ఈ తేడాకు శాసనరూపమిచ్చింది. ఇంగ్లండ్ ఉన్నివస్త్రాలను పోర్చుగల్ అనుమతిస్తుంది. ప్రతిగా పోర్చుగీసు వైన్‌పై సుంకం ఫ్రెంచి వైన్‌పై ఉన్నదానికంటే ఎప్పుడూ మూడోవంతు తక్కువగా ఉండాలి.

ఫలితంగా సామాన్య ఆంగ్లేయుని గ్లాసులోకి క్లారెట్‌కు బదులు బ్రాందీ కలిపిన పోర్ట్ చేరింది. కొద్ది తరాలలోనే అది జాతీయ అభిరుచిగా, పౌరుషచిహ్నంగా ప్రశంసలందుకుంది. ఆ రుచి పుట్టుక సుంకపు పట్టికలో ఉన్నదన్న సంగతి మరుగున పడింది. డేవిడ్ హ్యూమ్ మాత్రం మరువలేదు. ఫ్రాన్సుపై అసూయ కారణంగా ఇంగ్లండ్ నాసిరకం పానీయాన్ని హెచ్చు ధరకు కొనుక్కుంటున్నదని అతడు 1752లో వర్తక సమతౌల్యంపై రాసిన వ్యాసంలో విమర్శించాడు. పోర్ట్‌ను ఏవగించుకొనే తన మిత్రుడు జాన్ హోమ్‌కు మరణశాసనంలో పది డజన్ల పాత క్లారెట్‌నూ ఒకే ఒక్క పోర్ట్ సీసానూ రాసిచ్చాడు. ఆ ఒక్క సీసాను ఇతరుల సాయం లేకుండా రెండు విడతలలో ముగించినట్టు సంతకం చేసి ఇస్తే మరి ఆరు డజన్ల పోర్ట్ కూడా ఇవ్వమన్నాడు. ఈ పరిహాసం వెనుక ఉన్నది ఆర్థికవిధానంపై విమర్శే.

రక్షణ పొందిన సరుకు నాణ్యత కూడా నిలవలేదు. గిరాకీ పెరిగేకొద్దీ పోర్ట్‌లో రంగు కోసం ఎల్డర్‌బెర్రీ పండ్ల రసం కలిపే కల్తీ వ్యాపించింది. దీనిని అరికట్టడానికే 1756లో పోర్చుగల్ మంత్రి పోంబాల్ డోరో నదీలోయలో వైన్ పండించదగిన ప్రాంతానికి హద్దులు నిర్ణయించి, వర్తకాన్ని ఒక కంపెనీ ఆధీనంలో ఉంచాడు.

4. పరిమాణ సుంకం, విలువ సుంకం

సుంకం ఎంత అన్నదానితో పాటు దేనిని బట్టి వేశారన్నది కూడా ముఖ్యం. ఈ భేదం తెలుగు శాసనచరిత్ర పరిశోధకులకు కొత్త కాదు. సా.శ. 1244 నాటి కాకతీయ గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనంలో రెండు పద్ధతులూ ఉన్నాయి. చందనంపై తూకాన్ని బట్టి, వక్కలపై లక్షకు ఇంత అని లెక్కను బట్టి సుంకం ఉండగా, కర్పూరం, ముత్యాల వంటివాటిపై విలువను బట్టి ఉన్నది. విలువను బట్టి వేసే సుంకం మేలురకానికీ నాసిరకానికీ మధ్య ధరల నిష్పత్తిని మార్చదు. తూకాన్నో కొలతనో బట్టి వేసేది మారుస్తుంది.

18వ శతాబ్దపు ఇంగ్లండ్ వైన్ సుంకం పీపా కొలతను బట్టి వేసినది. ఉదాహరణకు తోట దగ్గర ఒక వైన్ ధర 10, మరొకదాని ధర 20 అనుకుంటే, మేలురకం రెట్టింపు ఖరీదైనది. రెండింటికీ సమానంగా 20 చొప్పున సుంకం, రవాణా కలిస్తే రేవులో వాటి ధరలు 30, 40 అవుతాయి. తోట దగ్గర రెట్టింపున్న తేడా రేవులో మూడోవంతుకు తగ్గిపోతుంది. అప్పుడు నాసిరకాన్ని తెప్పించే వర్తకుడే నష్టపోతాడు. దూరదేశాలకు మేలురకమే ఎక్కువగా ఎగుమతి కావడానికి ఇది కారణమని ఆర్మెన్ ఆల్చియన్, విలియం ఆలెన్ 1964లో తమ అర్థశాస్త్ర గ్రంథంలో సూత్రీకరించారు. బ్రిటిష్ అభిరుచులను తీర్చిదిద్దినది సుంకవిధానమేనని ‘వార్, వైన్ అండ్ టాక్సెస్’ (2007)లో జాన్ నై వాదించాడు.

చారిత్రకాధారాలు దీనితో పొసగుతున్నాయి. ఫ్రెంచి వైన్‌పై భారం తీవ్రంగా ఉన్న 1705–1707 మధ్యకాలంలోనే ‘లండన్ గెజెట్’ ప్రకటనలలో పోంటాక్, లాఫీత్, మార్గో, లాతూర్ వంటి తోటల పేర్లు ప్రత్యేకంగా కనిపిస్తాయి. చౌక క్లారెట్ వెనుకబడగా, పేరున్న క్లారెట్ ధనికుల బల్లపై నిలిచింది. ‘ఫ్రెంచి వైన్ అంటే గొప్ప వైన్’ అన్న భావన ఈ జల్లెడలోంచి పుట్టినదే. బోర్డోలో పండినదంతా గొప్పదని కాదు, గొప్పదానికే ఆ సుంకాన్ని మోసే శక్తి ఉన్నదని దీని అర్థం.

5. ధరే ప్రమాణమైన వైనం

1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం బోర్డో దళారులు ఎర్ర వైన్‌లను ఐదు తరగతులుగా వర్గీకరించారు. అందుకోసం వారు కొత్తగా రుచి పరీక్ష జరపలేదు. ఎన్నో ఏళ్లుగా మార్కెట్లో ఏ తోట వైన్ ఎంత ధర పలికిందన్నదే వారికి ప్రమాణం. ప్రథమ శ్రేణిలో లాఫీత్, లాతూర్, మార్గో, ఓబ్రియాన్ నిలిచాయి. ఇవి దాదాపు శతాబ్దిన్నర ముందే లండన్ ప్రకటనలకెక్కిన పేర్లు. ఓబ్రియానే ఆనాటి పోంటాక్. పూర్వం గిరాకీ ధరను నిర్ణయించగా, ఇప్పుడు ధర శ్రేణిని నిర్ణయించింది. అప్పటి నుండి శ్రేణి ధరను నిలబెట్టసాగింది. మొత్తం పట్టికలో ప్రధానమైన మార్పు 1973లో మూతోన్ ప్రథమ శ్రేణికి చేరడమే.

దీనికి ఎదురుదిశలో మరొక పరిణామం జరిగింది. 1831లో ఫ్రెంచి, పోర్చుగీసు వైన్‌ల సుంకాలు సమానమయ్యాయి. 1860లో ఫ్రాన్సుతో వర్తక ఒప్పందం కుదిరింది. ఆర్థికమంత్రి గ్లాడ్‌స్టన్ సుంకాన్ని బాగా తగ్గించి, మద్యసారపు పాలును బట్టి నిర్ణయించాడు. 1862 నాటికి తేలికపాటి వైన్‌పై గ్యాలనుకు ఒక షిల్లింగు మాత్రమే మిగిలింది. కిరాణా వర్తకులకు విడి సీసాల అమ్మకానికి అనుమతి లభించింది. చౌక క్లారెట్ మధ్యతరగతి ఇళ్లకు తిరిగి చేరింది. కాని దానికి ‘గ్లాడ్‌స్టన్ క్లారెట్’ అనే వెటకారపు పేరు పడింది. సుంకం తగ్గి చౌకైన సరుకును కూడా చౌకదనం కారణంగానే శంకించడం ఇందులో కనిపిస్తుంది.

6. పేరు దాచిన పరీక్ష

కీర్తి పాలును విడదీసి చూడాలంటే సీసాపై పేరును దాచాలి. 1976 మే 24న పారిస్‌లో వర్తకుడు స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన పరీక్షలో ఫ్రెంచి నిపుణులు పేర్లు తెలియకుండా రుచి చూసి, కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973 వైన్‌కు ఎర్ర వైన్‌లలో ప్రథమస్థానమిచ్చారు. మూతోన్ 1970 రెండవదయింది. ఒక్క పరీక్షతో, స్వల్పమైన మార్కుల తేడాలతో శాశ్వత నిర్ణయం చేయడం తగదు. అయినా ధరల అంతరమంత స్పష్టంగా రుచి అంతరం లేదని అది చూపింది. 2008లో వెలువడిన ఒక అధ్యయనం 6,000కు పైగా ఇటువంటి పరీక్షల ఫలితాలను పరిశీలించింది. శిక్షణ లేనివారు ఖరీదైన వైన్‌ను కొద్దిగా తక్కువగానే ఇష్టపడ్డారనీ, శిక్షణ ఉన్నవారిలో మాత్రం ధరకూ ఇష్టానికీ కొంత అనుకూల సంబంధం ఉండవచ్చుననీ తేల్చింది. అంటే గుణం లేదని కాదు, దానిని గుర్తించడానికి సాధన కావాలని.

7. ఉపసంహారం

పై చర్చను బట్టి మూడు నిర్ణయాలకు రావచ్చు. మొదటిది, పరిమాణాన్ని బట్టి సుంకం, రవాణా ఖర్చులు పడే చోట దిగుమతి వైన్‌లలో మిక్కిలి చౌకైనదే నిజానికి మిక్కిలి గిట్టుబాటు కానిది. దాని ధరలో వైన్ పాలు అత్యల్పం. రెండవది, ఖరీదైన పేరున్న వైన్‌లో ఒక స్థాయి దాటాక పెరిగేది కీర్తి పాలే. మూడవది, ఈ రెండు కొసల నడుమ, పెద్ద పేరులేని మంచి తోటల వైన్‌కే పరదేశంలో హెచ్చు ధర చెల్లించడం సమంజసం.

ఈ విచారణ గతానికి పరిమితమైనది కాదు. 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన భారత–ఆస్ట్రేలియా ఒప్పందం, 150 శాతంగా ఉన్న వైన్ దిగుమతి సుంకాన్ని అందరికీ ఒకేలా తగ్గించలేదు. సీసా దిగుమతి ధర 5 డాలర్లకు మించితే 100 శాతానికి, 15 డాలర్లకు మించితే 75 శాతానికి తొలిదశలో తగ్గించి, పదేళ్లలో వాటిని వరుసగా 50, 25 శాతానికి తెచ్చే ఏర్పాటు చేసింది. 5 డాలర్ల లోపు సీసాకు ఈ రాయితీ లేదు. కేంద్ర సుంకానికి రాష్ట్రాల పన్నులు కూడా తోడై హైదరాబాదు, విశాఖపట్నం దుకాణాలలో విదేశీ వైన్ ధర తయారవుతుంది. విదేశాల నుండి మేలురకమే వస్తుందన్న అభిప్రాయం ఇక్కడ బలపడితే, దానిలో సుంకపు మెట్ల పాత్ర ఎంతో పరిశీలించవలసి ఉంటుంది. మూడు శతాబ్దాల క్రితం ఇంగ్లండులో పోర్ట్ తాగినవారు ఆ ప్రశ్న వేసుకోలేదు. అందుకే రాజ్యం ఎంచిన పానీయాన్ని తమ నాలుక ఎంచినదిగా వారు భావించారు.