పెద్ద బడిలో చిన్న బడి

అమెరికాలో చిన్న బడులను కలిపి పెద్ద బడులు చేయడం దశాబ్దాల పాటు సాగింది. బడులను నడిపే స్థానిక విభాగాలైన స్కూలు డిస్ట్రిక్టులు 1932లో లక్షా పాతిక వేలు దాటి ఉండగా, 1970 నాటికి సుమారు 18 వేలకు దిగాయి. ఊళ్లోకి బస్సు వచ్చింది, ఒంటిగది బడికి తాళం పడింది. హైస్కూలు ఆఖరి తరగతిలో కనీసం వందమంది ఉండాలని 1959లో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్ సిఫారసు చేశారు. ఆయన మాటలో పస ఉంది. పదిమంది కోసం ఫిజిక్సు టీచరునూ ల్యాబునూ ఏ పల్లె భరించగలదు?

పోగొట్టుకున్నదేమిటో 1964లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోజర్ బార్కర్, పాల్ గంప్ చూపించారు. కాన్సస్‌లో 35 మంది ఉన్న బడి మొదలు రెండు వేలు దాటిన బడి దాకా పరిశీలించారు వాళ్లు. పెద్ద బడిలో నాటకాలూ ఆటలూ ఎక్కువే గాని, వాటిలో పాల్గొనే పిల్లల నిష్పత్తి తక్కువ. చిన్న బడి నాటకంలో సిగ్గరి పిల్లాడికీ తెర లాగే పనో, లైట్ల పనో తప్పదు. వాడు రాకపోతే ప్రదర్శన ఆగుతుంది. అదే పిల్లాడు పెద్ద బడిలో ప్రేక్షకుల్లో కూర్చుంటాడు. తాను రాకపోతే లోటు అని పిల్లలకు తెలియడం, ఈ చరిత్రంతటికీ ఆయువుపట్టు అదేనని నా నమ్మకం.

దాన్ని పట్టుకున్న మనిషి డెబొరా మైయర్. 1974లో న్యూయార్క్ ఈస్ట్ హార్లెమ్‌లో సెంట్రల్ పార్క్ ఈస్ట్ ప్రాథమిక పాఠశాల, 1985లో అదే పేరుతో హైస్కూలు మొదలుపెట్టారు. పదిహేను మంది పిల్లలకు అటూఇటుగా ఒక టీచరు పెద్దదిక్కు. ఇంట్లో ఏం జరుగుతోందో, చదువు ఎక్కడ ఆగిందో ఆ టీచరుకు తెలియాలి. డిప్లొమా కావాలంటే పిల్లలు తమ పనిని 14 పోర్ట్‌ఫోలియోలుగా కూర్చి, కమిటీ ముందు కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఊరూపేరూ తెలియని పిల్లలకు ఇలాంటి పరీక్ష పెట్టలేం. హైస్కూలు టీచరు చేతిలో 80 మందికి మించి పిల్లలు ఉండకూడదని విద్యావేత్త థియొడోర్ సైజర్ పట్టుబట్టిందీ ఆ రోజుల్లోనే.

1990ల్లో మన్‌హాటన్‌లోని జూలియా రిచ్‌మన్ అనే పెద్ద హైస్కూలును దశలవారీగా మూసి, అదే భవనంలో వేరువేరు చిన్న బడులు తెరిచారు. గుమ్మం దగ్గరి మెటల్ డిటెక్టర్లు తీసేశారు.

తర్వాత డబ్బు వచ్చింది, తొందరా వచ్చింది. 2000 నుంచి గేట్స్ ఫౌండేషన్ ఈ చిన్న బడుల పనికి దాదాపు 200 కోట్ల డాలర్లు పోసింది. డెన్వర్‌లో మాన్యువల్ హైస్కూలును 2001లో మూడు బడులుగా విడగొట్టారు. పిల్లలు తగ్గిపోతూ వచ్చి 2006లో మాన్యువల్ మూతపడింది. చాలా బడుల్లో ఫలితం రాలేదనీ, ప్రిన్సిపల్‌కు తన టీచర్లను ఎంచుకునే స్వేచ్ఛ ఇవ్వడంలాంటి గట్టి మార్పులు చేయనివే ఎక్కువగా విఫలమయ్యాయనీ తన 2009 వార్షిక లేఖలో బిల్ గేట్సే రాశారు. విడగొట్టినవాళ్లు గోడలు మార్చారు. మైయర్ మాత్రం నిర్ణయాలు టీచర్ల చేతిలో పెట్టారు.

గేట్స్ లేఖతో కథ ముగిసిందనుకోవడం పొరపాటు. న్యూయార్క్‌లో చిన్న హైస్కూళ్లలో లాటరీలో సీటు దొరికిన పిల్లలనూ దొరకనివాళ్లనూ పోల్చి ఎండీఆర్సీ అనే పరిశోధన సంస్థ 2010లో ఫలితాలు వెల్లడించింది. నాలుగేళ్లలో పాసై బయటికొచ్చినవాళ్లు సీటు దొరికినవాళ్లలో దాదాపు 7 శాతం పాయింట్లు ఎక్కువ. కారణమేమిటని తర్వాత అడిగితే అక్కడి టీచర్లూ ప్రిన్సిపల్సూ ముఖ్యంగా చెప్పినవి రెండు: గట్టి చదువు, పిల్లలతో దగ్గరితనం.