ఆసుపత్రి లెక్క, ఊరి లెక్క

వైద్య సమాచారాన్ని విశ్లేషించి జనారోగ్యాన్ని బాగుచేసే పని ఆంధ్రప్రదేశ్‌లో 2007 నాటి రాజీవ్ ఆరోగ్యశ్రీతో, దాని కంప్యూటర్ రికార్డులతో మొదలైందని చెప్పడం పరిపాటి. గోదావరి జిల్లాల చరిత్ర ఈ మాటను బలపరచదు.

1955లో బోదకాలు నియంత్రణ కార్యక్రమం జాతీయ స్థాయిలో ఆరంభమైంది. రాజమండ్రిలో శిక్షణ కేంద్రం వెలిసింది. సిబ్బంది రాత్రిపూట ఇంటింటికీ తిరిగి, వేలి కొన నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించేవారు. కాలు వాయని మనిషి కూడా ఆ లెక్కలోకి వచ్చాడు.

అసలు మలుపు 2003–04లో వచ్చింది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1.80 లక్షల జనాభాలో, ఏడాది కాలంలో సంభవించిన 1,354 మరణాలను బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు పరిశీలించాయి. ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇంటికి వెళ్లి అడిగారు: నొప్పి ఎక్కడ వచ్చింది? ఆయాసం ఎన్నాళ్లు? మూతి వంకరపోయిందా? ఆ జవాబులు చదివి వైద్యులు కారణం నిర్ణయించారు. గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. అంటువ్యాధులది 12 శాతమే. పల్లెను చంపేది అంటురోగాలేనన్న నమ్మకం అక్కడ నిలవలేదు. అయితే బంధువుల జ్ఞాపకం పొరబడవచ్చు. పండుముసలి మరణానికి ఒకే కారణం తేల్చడం కష్టం. 45 ఊళ్ల ఫలితాన్ని రాష్ట్రమంతటికీ అంటగట్టకూడదు. ఇంత మినహాయించినా, ఆసుపత్రి గడప తొక్కని మరణాలు అక్కడ లెక్కకెక్కాయన్నది కాదనలేనిది.

ఆసుపత్రి చికిత్సను నమోదు చేయడం ఆరోగ్యశ్రీ రికార్డుల బలం, అంతకు ముందుది చూపకపోవడం వాటి లోపం. పదేళ్లు బీపీ అదుపులో లేని రైతు, గుండెకు స్టెంటు వేసిన రోజునే అందులో కనిపిస్తాడు. ఆ పదేళ్లూ అందులో ఉండవు.

తర్వాత పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబులిచ్చి, గుండెజబ్బు ముప్పున్నవారిని గుర్తింపజేశారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ముప్పు గుర్తించడం వేరు, నెలనెలా మాత్ర అందడం వేరు.

2021 నాటి డిజిటల్ ఆరోగ్య మిషన్, 2022లో ప్రయోగాత్మకంగా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ఈ గుర్తింపునూ మందునూ కలపగలవు. కానీ తెరిచిన డిజిటల్ ఆరోగ్య ఖాతాల సంఖ్యనే విజయంగా చూపడం తప్పు. గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఆత్రేయపురం లాంటి మండలానికి కావలసిన లెక్కలు మూడు: ఊళ్లో బీపీ ఉన్నవారెందరు, వారిలో మందు వాడుతున్నదెందరు, ఈ ఏడాది పోయినవారు దేనివల్ల పోయారు. ఈ మూడూ ఒకే చోట చేరనంతవరకు అది ఆసుపత్రి లెక్కే, ఊరి లెక్క కాదు.