బొగ్గుబెల్టు పాట - తీగె మీటిన చేయి

ప్రజల పాటను గూర్చి మన విమర్శకులు విరివిగా రాశారు. ఆ పాటను మోసుకొచ్చిన వాద్యాన్ని గూర్చి రాసింది తక్కువ. మాటలు కట్టినవాడికి పేరు ఉంటుంది. బాణీ మాత్రం 'జానపదం' అన్న ఒక్క ముద్రతో అనాథ అయిపోతుంది. బాణీ కూడా శ్రమఫలితమేననీ, ఆ శ్రమ చేసినవారిని విస్మరించిన పోరాటగీతాల చరిత్ర సగమేననీ నా వాదం. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో పాఠాలు చెబుతూ కాలం గడిపినవాణ్ణి కనుక అక్కడినుంచే ఆరంభిస్తాను.

1889లో ఇల్లందు వద్ద బొగ్గు తవ్వకం మొదలయింది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో 1920లో ఏర్పడింది. రామగుండం గనులు 1960 ప్రాంతంలో వచ్చాయి. చుట్టుపక్కల పల్లెలనుంచి వచ్చి, తట్టా చెమ్మస్ పట్టి కోల్‌ఫిల్లర్‌గా చేరిన కూలివాడు ఒట్టిచేతులతో రాలేదు. శారదకథ, ఒగ్గుకథ, గొల్లసుద్దులు అతని చెవుల్లో ఉన్నాయి. శారద అంటే తంబుర. దానిని భుజాన వేసుకొని, వేలికి అందె తొడుక్కొని, వంతగాళ్లతో కాంభోజరాజు కథో బాలనాగమ్మ కథో రాత్రి పొడుగునా చెప్పే కళాకారుడు అతనికి పరిచితుడే. మాదిగవాడల్లో కిన్నెర మీటుతూ జాంబపురాణం చెప్పే డక్కలివారూ అంతే.

వీరికి పాట వినోదం కాదు, వృత్తి. డక్కలివారికి మాదిగ ఇండ్లపై హక్కు ఉంది; కథ చెప్పి ప్రతిఫలం పుచ్చుకుంటారు. శారదకాండ్రూ, బుడగజంగాలూ కథ చెప్పి ధాన్యం తెచ్చుకున్నవారే. తండ్రి వేళ్లనుంచి కొడుకు వేళ్లకు దిగిన నైపుణ్యం అది. బాణీ తరాలపాటు నిలవడానికి కారణం ఏదో 'ప్రజల ఆత్మ' కాదు, ఈ జీవనాధారమే.

ఉద్యమం ఈ నిధినే అందుకున్నది. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి చేతిలో పాత జంగంకథ బుర్రకథగా కొత్త జీవం పోసుకుంది. 'బుర్ర' అన్న పేరు తంబుర బుర్రనుంచే వచ్చిందని మరువరాదు. షేక్ నాజర్ ఆ తంబురతోనే పల్నాటి యుద్ధాన్నీ, అల్లూరి సీతారామరాజు కథనూ లక్షలాది జనానికి వినిపించారు. తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను పోరాటానికి మలిచారు. సాయుధ పోరాటకాలంలో బండి యాదగిరి కట్టిన 'బండెనక బండి కట్టి' 1979లో 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంతున మళ్లీ పలికింది. గోదావరి ఆవలి ఒడ్డున దండేపల్లి వైపు పుట్టిన గూడ అంజయ్య 'ఊరు మనదిరా' అనేక భాషల్లోకి వెళ్లింది. ఈ కవుల పేర్లు మనకు తెలుసు; తెలియవలసినవే. అయితే వారి చెవుల్లో వరుసలు నాటిన శారదకాండ్ర పేర్లు ఏ సంకలనంలో వెతకాలి?

ఇది మన దేశపు లోపం మాత్రమే కాదు. బొగ్గుగనులే బతుకైన మరో సీమ, అమెరికాలోని అపలేచియన్ కొండలు. అక్కడి తీగెవాద్య బృందాల్లో ఫిడేలు యూరపునుంచి వచ్చింది; బాంజో ఆఫ్రికానుంచి తెచ్చిన బానిసల చేతిలో పుట్టింది. 1923లో ఫిడేలు వాయిద్యగాడు జాన్ కార్సన్ పాట అమ్ముడుపోయాక, రికార్డు కంపెనీలు తెల్లవారి కొండపాటలకొక జాబితా, నల్లవారి పాటలకొక జాబితా పెట్టాయి. దానితో బాంజో తెల్లవారి కొండల సొత్తుగా చెలామణి అయింది. 1931లో కెంటకీలోని హార్లాన్ గనుల సమ్మెలో ఫ్లోరెన్స్ రీస్ 'నీవు ఏ పక్షం?' అని నిలదీసే పాట కట్టింది. కార్మికోద్యమం నేటికీ పాడుకునే ఆ పాటకు వరుస పాత భక్తిగీతానిదే. పాట నిలవడానికి పాత బాణీ, దానికి తోడు కొత్త అవసరం కావాలి. బాణీ కర్తను అక్కడ మరుగుపరచింది వర్ణమూ అంగడీ. ఇక్కడ మరుగుపరచింది కులం.

బాణీ అందరిదీ, అందులో కులం ప్రస్తావన వర్గైక్యతకు భంగమని ఒక వాదం ఉంది. బొగ్గు తవ్వినవాడి శ్రమను లెక్కగట్టాలని సమ్మె చేసినవారు ఈ వాదం చేయడం విడ్డూరం. పల్లెలో ధాన్యపు కట్టుబాటు సడలిపోయింది. 1990ల ఆరంభంలో లక్షకు పైబడిన సింగరేణి కార్మికుల సంఖ్య నేడు దాదాపు 40 వేలకు దిగింది. పల్లెలో ఆదరణ పోయిన తీగెకు కార్మికవాడలోనూ ఆసరా తగ్గుతున్నది. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, సంతోషమే. ఒక్కరి మెడలో పతకం పడితే ఒక వృత్తి బతకదు.

కనుక విద్యార్థి మిత్రులు పాట సేకరించేటప్పుడు మాటలతో ఆగకూడదు. వరుస ఎవరిదో, వాద్యం ఏదో, దానిని ఎవరు చేశారో, ఆ కుటుంబం నేడు ఏమి తిని బతుకుతున్నదో రాసుకోవాలి. పాడినవారికి పారితోషికం ఇవ్వాలి, పుస్తకంలో పేరు అచ్చువేయాలి. శ్రమకు విలువ కట్టమని పాడిన పాటలు, తమలోని శ్రమకు విలువ కట్టమని మనల్ని అడుగుతున్నాయి.