నల్లరేగడి ఇళ్ళలో అవ్వ, కోడలు, పసిబిడ్డ

శ్రీవిల్లిపుత్తూరు అనగానే తెలుగు విద్యార్థికి ఆముక్తమాల్యద స్ఫురించడం సహజం. తులసివనంలో దొరికిన పసికందును విష్ణుచిత్తుడు కూతురుగా పెంచుకొన్న ఊరు అది. అయితే మేము ఇక్కడ ప్రస్తావించదలచినది కావ్యంలోని ఇంటిని కాదు. ఆ ఊరి చుట్టుపట్ల, విరుదునగర్ నుంచి కోవిల్‌పట్టి దాకా పరచుకొన్న నల్లరేగడి పల్లెల్లో, తరతరాలుగా తెలుగు మాట్లాడుకొంటున్న ఇళ్ళను. ఆ ఇళ్ళలో ముసలివారిని సాకడం, పిల్లలను పెంచడం వేర్వేరు పనులుగా ఉండేవి కావు. వలసలను గురించి, పాళెగాండ్రను గురించి రాసినంతగా మనవారు దీన్ని గురించి రాయలేదు.

విజయనగర కాలంలోను, మధుర నాయకుల కాలంలోను దక్షిణానికి తరలివచ్చిన కుటుంబాలలో పెక్కింటికి ఇక్కడ వానను నమ్ముకొన్న సేద్యమే ఆధారమయింది. పత్తి, జొన్న, సజ్జ పండించేవారు. కలుపు రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో కోడలు పొద్దు పొడవకముందే చేనికి పోవాలి. చంటిబిడ్డ ఉయ్యాల అవ్వ చేతికి వస్తుంది. అవ్వకు కావలసిన సంకటి, వేణ్ణీళ్ళు మళ్ళీ కోడలే చూడాలి. అవ్వ బిడ్డను పట్టుకొనేది కాబట్టి కోడలు చేనికి పోగలిగేది; కోడలు చేనికి పోయేది కాబట్టి అవ్వకు ముద్ద దొరికేది. తెలుగు బతికింది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే. బడి తమిళం, బజారు తమిళం. బిడ్డకు తొలిపలుకులు నేర్పింది అవ్వ.

శ్రీవిల్లిపుత్తూరుకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని రాజపాళయంలో 1898లో పుట్టిన పి. ఎస్. కుమారస్వామి రాజా పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని అవ్వ పెంపకంలో పెరిగారు. 1949లో ఆయన మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు, రాసింది తమిళంలో. 1976లో వెలువడిన ఆయన 'గోపల్ల గ్రామం' నవలలో వలస కథ అంతా మంగతాయారు అనే నూరేళ్ళు దాటిన ముదుసలి జ్ఞాపకంలో దాగి ఉంటుంది. నవల కల్పనే కావచ్చు. ఒక జాతి జ్ఞాపకాన్ని ముదుసలి నోట నిలపడం మాత్రం ఆ ఇళ్ళ తీరు తెలిసినవాడే చేయగలిగిన పని.

ఈ ఏర్పాటును మరీ మెచ్చుకోవలసిన పనిలేదు. మంచాన పడిన ముసలివారికి తలంటి నీళ్ళుపోసి ప్రాణం తీసే 'తలైకూత్తల్' దురాచారం విరుదునగర్ ప్రాంతంలో ఉన్నదని 2010లో పత్రికలు వెల్లడించాయి. బిడ్డను పట్టుకోలేని స్థితికి వచ్చిన ముసలితనం పేదింటికి బరువుగా తోచిందని మా ఊహ. 1923లో శివకాశిలో మొదలైన అగ్గిపెట్టెల పరిశ్రమ సాత్తూరుకు, కోవిల్‌పట్టికి పాకిన తర్వాత పిల్లల చేతులు కూడా కూలికి పోయాయి. ఉయ్యాల దిగిన బిడ్డ పెట్టెలు అంటించే పనిలో కూర్చొన్నది.

ప్రభుత్వం ఏం చేసింది? విరుదునగర్‌లో పుట్టిన కామరాజ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1956లో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం, 1962లో దిక్కులేని వృద్ధులకు పింఛను వచ్చాయి. 1982లో ఎం. జి. రామచంద్రన్ భోజన పథకాన్ని విస్తరించగా, మరుసటి ఏడు పింఛనుదారులైన వృద్ధులకూ అందులో చోటు దొరికింది. పసివారికీ ముసలివారికీ ఒకే కుండలో అన్నం వండడం, పల్లెటింటి పద్ధతికి తెలియకుండానే దగ్గరగా వచ్చిన ఏర్పాటు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పించవచ్చునన్నది. అందులో 'బిడ్డలు' అన్న మాటకు చెప్పిన అర్థంలో కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు ఉన్నారు. సంకటి పెట్టిన కోడలు లేదు.

2006లో వచ్చిన చట్టంతో తమిళనాట బడులలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. కొడుకులు చెన్నైకి, కోయంబత్తూరుకు ఉద్యోగాలకు పోయారు. అవ్వలు ఊళ్ళోనే ఉండిపోయారు. సెలవులకు వచ్చిన మనుమడిని అవ్వ తెలుగులో పలకరించడం, వాడు తమిళంలో బదులివ్వడం, వంటింటి గడపలో నిలబడిన కోడలు ఇటు మాట అటు, అటు మాట ఇటు అందించడం మేము చాలా ఇళ్ళలో చూచాము.