పడ్డవాళ్ళకు తలుపు తెరిచిన కథ

ఈజిప్టు ఇసుకలో దొరికిన ఒక పాపిరస్ పత్రాన్ని 1893లో ఫ్రిట్జ్ క్రెబ్స్ అనే జర్మన్ పండితుడు ప్రచురించాడు. క్రీ.శ. 250 జూన్ 26న రాసిన పత్రమది. పేరు ఔరేలియస్ డయోజెనీస్. ఊరు అలెగ్జాండర్ దీవి అనే పల్లె. వయసు 72. గుర్తు: కుడి కనుబొమ్మ మీద మచ్చ. మన పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టుమచ్చలు రాయించినట్టే ఆ ముసలాయన కనుబొమ్మ మచ్చనూ రాయించారు. నేను ఎప్పుడూ దేవతలకు బలులు ఇస్తున్నవాణ్ణే, ఇప్పుడు మీ కళ్ళెదుట కూడా ఇచ్చాను, ద్రాక్షరసం ధారపోశాను, నైవేద్యం నోట పెట్టుకున్నాను, ధ్రువీకరించండి అని ఆయన అర్జీ. కింద అధికారి సంతకం.

ఇలాంటి పత్రాలు నలభైకి పైగా దొరికాయి. వాటిలో ఒకటి మొసలి దేవుడి గుడి పూజారిణిది! ఆవిడ భక్తిని శంకించాల్సిన పనేముంది? అయినా సర్టిఫికెట్టు తెచ్చుకోక తప్పలేదు. ఎందుకంటే చక్రవర్తి డీసియస్ ఆజ్ఞ అందరికీ వర్తించేది. సరిహద్దుల్లో యుద్ధాలు, లోపల తిరుగుబాట్లు, కాబట్టి సామ్రాజ్యమంతా ఒక్కసారి దేవతలను ప్రసన్నం చేసుకోవాలని ఆయన పట్టుదల. మిగతావాళ్ళకు అది ఒక పూట పని. క్రైస్తవులకు మాత్రం ప్రాణసంకటం. కాదంటే జైలు, చిత్రహింస, ఆస్తి జప్తు, దేశబహిష్కారం, కొందరికి చావు.

మన సినిమాల్లో, సండే స్కూలు కథల్లో ఆ కాలపు క్రైస్తవులంటే సింహాల ముందు పాటలు పాడుతూ నిలబడ్డవాళ్ళే. అలాంటివాళ్ళు లేకపోలేదు. కానీ ఎక్కువమంది వెళ్ళి చిటికెడు ధూపం వేసి, కాగితం తీసుకుని ఇంటికొచ్చారు. కార్తేజి నగరంలో జనం ఎంతగా ఎగబడ్డారంటే, పొద్దుపోయింది రేపు రండి అని అధికారులు పంపించేస్తే, కాదు ఇవాళే కానివ్వండని బతిమాలారట. ఈ మాట రాసిపెట్టింది క్రైస్తవుల శత్రువెవరో కాదు, ఆ ఊరి బిషప్పు సిప్రియనే.

తమవాళ్ళ పిరికితనాన్ని ఇలా తామే రాసిపెట్టుకోవడం ఆ మతంలో మొదటినుంచీ ఉన్న అలవాటు. గలిలయ సముద్రంలో వలలు వేసుకునే పేతురు, నీతో చావడానికైనా సిద్ధమని యేసుకు మాటిచ్చినవాడు, ప్రధాన యాజకుడి వాకిట్లో ఒక పనిపిల్ల అడిగేసరికి ఆయనెవరో నాకు తెలీదన్నాడు. కోడి కూసేలోగా మూడుసార్లు అన్నాడు. మరెన్నో సంగతుల్లో ఒకదానితో ఒకటి పొసగని నాలుగు సువార్తలూ ఈ ఒక్కటి మాత్రం వదలకుండా చెప్పాయి. యోహాను సువార్తలో ఇంకో సూక్ష్మం ఉంది. పేతురు అబద్ధమాడిన చోట చలి కాచుకునే బొగ్గుల మంట ఉంటుంది. పునరుత్థానం తర్వాత సరస్సు ఒడ్డున యేసు అతణ్ణి మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడిగే చోట కూడా బొగ్గుల మంటే. రాసినవాడు ఊరికే పెట్టాడనుకోలేం. ఆ తర్వాతైనా పేతురు మచ్చలేని మనిషయ్యాడా అంటే, అదీ లేదు. అంతియొకయలో యూదులు కానివాళ్ళతో కలిసి తింటూ ఉండి, యెరూషలేము నుంచి మనుషులు రాగానే మెల్లగా పంక్తి లోంచి తప్పుకున్నాడు. పౌలు అతణ్ణి అందరి ఎదుటా దులిపేశాడు. ఆ సంగతి పౌలు స్వయంగా గలతీయులకు రాసిన ఉత్తరంలోనే ఉంది.

క్రీ.శ. 112 ప్రాంతంలో, నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న బితూనియా గవర్నరు ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం ఇంకో సాక్ష్యం. తన ముందుకు తెచ్చినవాళ్ళలో కొందరు, ఒకప్పుడు క్రైస్తవులమే గానీ ఎప్పుడో మానేశామన్నారట. ఒకరిద్దరు పాతికేళ్ళ కిందటే మానేశారట. అంటే క్రైస్తవం ఇంకా పురిట్లో ఉండగానే దాన్ని వదిలేసినవాళ్ళూ ఉన్నారన్నమాట.

మానేసి వెళ్ళిపోయినవాళ్ళతో సంఘానికి చిక్కు లేదు. చిక్కంతా పడిపోయి, ఏడుస్తూ మళ్ళీ తలుపు తట్టేవాళ్ళతోనే. బాప్తిస్మంతో పాపాలన్నీ కడుక్కుపోతాయి సరే, ఆ తర్వాత చేసినవాటి సంగతేమిటి? హెబ్రీయులకు రాసిన పత్రిక ఇక అవకాశం లేదన్నట్టే మాట్లాడుతుంది. రెండో శతాబ్దంలో రోములో హెర్మస్ అనే మాజీ బానిస తనకు కలిగిన దర్శనాలను పుస్తకంగా రాసి, ఇంకొక్కసారి, ఒక్కసారే, అవకాశం ఉందన్నాడు. కార్తేజి వాడైన తెర్తుల్లియన్ మొదట ఆ ఒక్క అవకాశాన్నీ ఒప్పుకున్నాడు. వయసు పైబడ్డాక మనసు మార్చుకుని, ఘోరపాపాలకు అదీ లేదని ఇంకో పుస్తకం రాశాడు. ఇంత బిగింపు ఉంటే జనం ఏం చేస్తారు? బాప్తిస్మాన్నే వాయిదా వేసుకుంటారు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి అంతటివాడు 337లో మరణశయ్య మీద గానీ తీసుకోలేదు.

బిగింపు సడలించిన తొలివాళ్ళలో రోము బిషప్పు కల్లిస్తు ఒకడు. ఆయన జీవితమే ఒక నవల. మనకు తెలిసిందంతా ఆయన ప్రత్యర్థి హిప్పోలితు రాసిపెట్టింది కాబట్టి కొంత తగ్గించుకునే చదవాలి. కల్లిస్తు ఒక క్రైస్తవ యజమాని దగ్గర బానిస. ఆయన డబ్బుతో బ్యాంకు నడిపి, విధవరాళ్ళు దాచుకున్న సొమ్ముతో సహా పోగొట్టాడు. ఓడెక్కి పారిపోబోయాడు, యజమాని వెంటపడితే సముద్రంలో దూకాడు, బయటికి లాగి తిరగలికి కట్టారు. తర్వాత ఇంకో గొడవలో సార్డీనియా గనులకు పంపారు. చక్రవర్తి కొమ్మోదు ఉంపుడుగత్తె మార్సియా పుణ్యమా అని కొందరు క్రైస్తవ ఖైదీలతో పాటు బయటపడ్డాడు. మెల్లగా రోము సంఘంలో కుదురుకుని శ్మశానం చూసుకునే పనిలో చేరాడు. ఆయన పేరు మోస్తున్న ఆ భూగర్భ శ్మశానవాటిక రోములో ఇప్పటికీ ఉంది. 217లో బిషప్పయ్యాడు. నోవహు ఓడలో కుక్కలూ తోడేళ్ళూ కాకులూ అన్నీ ఉన్నాయి కదా, సంఘమూ అంతేనని ఆయన వాదన. హిప్పోలితు దీన్ని తప్పుపడుతూ రాశాడు. నా మటుకు, గనుల్లో రాళ్ళు కొట్టి వచ్చిన మనిషికి ఆ మాట అనే హక్కు ఎక్కువే ఉంది.

ఒక్కొక్కరి పాపం ఒక్కోలా ఉన్నంతకాలం ఈ తగువు నెమ్మదిగా నడిచింది. 250 నాటి ఆజ్ఞతో ఏకంగా సంఘానికి సంఘమే పడిపోయింది. లాటిన్‌లో వీళ్ళకు పడ్డవాళ్ళనే పేరొచ్చింది. ఇక లెక్కలు మొదలయ్యాయి. బలిచ్చిన వాళ్ళు వేరు. ధూపం మాత్రమే వేసినవాళ్ళు వేరు. ఏదీ చెయ్యకుండా లంచమిచ్చి కాగితం మాత్రం తెచ్చుకున్నవాళ్ళు వేరు. ఈ మూడో రకం వాళ్ళకు తాము తప్పు చేశామనే తోచలేదు. చేత్తో బలివ్వలేదు, డబ్బిచ్చి గండం గట్టెక్కాం, అంతేగా అన్నారు. రోములో ఒకావిడ గుడి దారిలో సగం దాకా వెళ్ళి వెనక్కి దిగివచ్చి, డబ్బు కట్టి బయటపడింది. తర్వాత ఆవిడా ఇంకొకావిడా కలిసి, ఓడలో వచ్చిన అరవై అయిదుమంది నిర్వాసితులను రేవులో కలుసుకుని, ఇంటికి తెచ్చి, తిండీ బట్టా చూశారు. ఆ ఆడవాళ్ళిద్దరినీ క్షమించమని సెలెరినుస్ అనే ఆయన కార్తేజి జైల్లో ఉన్న మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం మిగిలింది.

జైల్లో ఉన్నవాళ్ళకు ఎందుకు రాయడం? అసలు కథ అక్కడే ఉంది. చిత్రహింసలు పడి కూడా లొంగనివాళ్ళు సిఫారసు చేస్తే దేవుడు వింటాడని జనం నమ్మకం. దాంతో జైలు గదులనుంచి క్షమాపణ చీటీలు బయల్దేరాయి. ఫలానా ఆయన్నూ, ఆయన ఇంటివాళ్ళనూ చేర్చుకోండి అని రాసిచ్చేవాళ్ళు. ఇంటివాళ్ళంటే ఇరవైమందా, ముప్ఫైమందా, బానిసలు కూడానా అని సిప్రియన్ తల పట్టుకున్నాడు. చివరికి ఒకాయన కార్తేజి చెరలో ఉన్నవాళ్ళందరి పక్షానా, పడ్డవాళ్ళందరికీ ఒక్క దెబ్బతో క్షమాపణ ప్రకటించేశాడు.

సిప్రియన్ ఇరకాటం ఏమిటంటే, ఆయనా పారిపోయినవాడే. పేరున్న ఉపన్యాస శాస్త్ర గురువు, ఆస్తిపరుడు, 246 ప్రాంతంలో మతంలోకి వచ్చి రెండు మూడేళ్ళకే బిషప్పయ్యాడు. ఆజ్ఞ రాగానే అజ్ఞాతంలోకి వెళ్ళి ఉత్తరాలతో సంఘాన్ని నడిపాడు. రోములో అప్పటికే బిషప్పు ఫేబియన్ ప్రాణమిచ్చాడు. అక్కడి పెద్దలు కార్తేజికి రాసిన ఉత్తరంలో, మందను వదిలి పారిపోయే కూలి కాపరుల ప్రస్తావన తెచ్చి చురక వేశారు. పారిపోయినవాడు పడ్డవాళ్ళకు తీర్పు చెప్పాలి! ఆ ఇబ్బందే ఆయన్ని రెండు చివరలకూ పోనివ్వకుండా ఆపిందని నాకనిపిస్తుంది. చీటీలతో చవగ్గా క్షమించడం కుదరదన్నాడు, తలుపు మూసెయ్యడమూ కుదరదన్నాడు. దీంట్లో బిషప్పు అధికారాన్ని నిలబెట్టుకునే రాజకీయం లేదని కాదు. బోలెడంత ఉంది.

251లో కార్తేజిలో బిషప్పులు సమావేశమై ఒక దారికి వచ్చారు. కాగితం మాత్రం కొన్నవాళ్ళను ఎవరి సంగతి వాళ్ళది విచారించి చేర్చుకోవచ్చు. బలిచ్చినవాళ్ళు బతికినంతకాలం పశ్చాత్తాపంలో ఉండాలి, చావు దగ్గరపడితే ప్రభువు బల్ల దగ్గరికి, అంటే సంఘం పంచుకునే పవిత్రమైన రొట్టె దగ్గరికి, రానివ్వాలి. ఒకటి రెండేళ్ళలోనే ఇదీ సడలింది. మహమ్మారి ప్రబలింది, మళ్ళీ హింస వచ్చేలా ఉంది. రేపు నిలబడి పోరాడాల్సినవాళ్ళను ఆయుధాల్లేకుండా పంపుతామా అని పశ్చాత్తాపంలో ఉన్నవాళ్ళందరినీ చేర్చుకున్నారు.

చావు దగ్గరపడితే అన్న నియమం నిజంగా ఎలా నడిచిందో అలెగ్జాండ్రియా బిషప్పు దియొనీసియస్ ఒక ఉత్తరంలో చెప్పాడు. సెరాపియోన్ అనే ముసలాయన, బతుకంతా నిందలేనివాడు, ఆఖర్న బలిచ్చాడు. ఎన్నిసార్లు బతిమాలినా ఎవరూ దగ్గరికి రానివ్వలేదు. జబ్బుపడి మూడు రోజులు మాట లేకుండా ఉండి, కాస్త తెలివి రాగానే మనవణ్ణి పిలిచి, సంఘం పెద్దను తీసుకురమ్మన్నాడు. రాత్రివేళ. ఆ పెద్దకూ జబ్బే, లేవలేడు. రొట్టె ముక్క పిల్లాడి చేతిలో పెట్టి, నానబెట్టి తాత నోట్లో వెయ్యమని పంపాడు. పిల్లాడు ఇంటికి రాగానే, చెప్పినట్టు త్వరగా చేసి నన్ను పోనివ్వమన్నాడు తాత. మింగాడు, కన్నుమూశాడు.

ఇదంతా నోవాసియన్‌కు నచ్చలేదు. రోములో మంచి పండితుడాయన. పడ్డవాళ్ళను చేర్చుకునే సంఘం సంఘమే కాదని 251లో పోటీ బిషప్పుగా నిలబడ్డాడు. ఎదుటి పక్షంలో కొర్నేలియస్. ఆయన సంఘంలో అప్పుడు 46 మంది పెద్దలు, 7 మంది పరిచారకులు, సంఘమే పోషించే విధవరాళ్ళూ నిరుపేదలూ 1500కు పైగా ఉన్నారు. ఆ 1500 మంది కడుపులు చూసే సంఘం, శుద్ధుల చిన్న గుంపుగా మిగిలిపోవడం సాధ్యమయ్యే పని కాదు. నోవాసియన్ వర్గం అయినా కొన్ని శతాబ్దాలు బతికింది. ఆ వర్గం బిషప్పుతో, అయితే నువ్వొక్కడివే నిచ్చెన వేసుకుని పరలోకానికి ఎక్కమని కాన్‌స్టంటైన్ వేళాకోళం చేశాడని ఒక చరిత్రకారుడు రాశాడు.

సిప్రియన్ మాటకొస్తే, రెండోసారి ఆయన పారిపోలేదు. 258 సెప్టెంబరు 14న, చక్రవర్తి వలేరియన్ హయాంలో, కార్తేజి దగ్గర తల తీయడానికి తెచ్చినప్పుడు, తలారికి పాతిక బంగారు నాణేలు ఇవ్వమని తనవాళ్ళకు చెప్పాడు.

ఆ తర్వాత శిక్షలకు నిబంధనలు పెరిగాయి. 314లో నేటి అంకారాలో జరిగిన సమావేశం, బలి విందుకు పండగ బట్టలు కట్టుకుని నవ్వుతూ వెళ్ళాడా, శోకవస్త్రాలతో ఏడుస్తూ తిన్నాడా అని కూడా చూడమంది. 325లో నైసియాలో, బలవంతమేమీ లేకుండానే పడ్డవాళ్ళకు 12 ఏళ్ళు పెట్టారు: మూడేళ్ళు వినేవాళ్ళతో, ఏడేళ్ళు సాగిలపడి, రెండేళ్ళు ప్రార్థనలో మాత్రం. అందరి ముందూ, బతుకులో ఒక్కసారే చేసే ఈ ప్రాయశ్చిత్తాన్ని, చెవిలో చెప్పుకునే, ఎన్నిసార్లైనా చేసుకునే పద్ధతిగా మార్చింది ఐర్లండు సన్యాసులు. 1215 నాటి లాటరన్ సభ దాన్ని ఏటా ఒక్కసారైనా చెయ్యాలని నియమం పెట్టింది. తెలుగు కతోలికులు పాపసంకీర్తనం అనేది దాని వారసత్వమే.

శుద్ధుల వాదం మాత్రం నోవాసియన్‌తో పోలేదు. 303లో చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల లేఖనాలు అప్పగించమన్నాడు. మే 19న ఉత్తర ఆఫ్రికాలోని సిర్తా ఊళ్ళో అధికారులు సంఘం ఇంటిని సోదా చేసి జాబితా రాశారు: బంగారు గిన్నెలు 2, వెండి గిన్నెలు 6, ఆడవాళ్ళ చొక్కాలు 82, ఆడవాళ్ళ చెప్పులు 47 జతలు. పేదలకు పంచే బట్టలన్నమాట. సిల్వానుస్ అనే ఉపపరిచారకుడు ఒక జాడీ వెనక దొరికిందని వెండి దీపం తెచ్చి ఇచ్చాడు. దొరక్కపోతే చచ్చేవాడివే అన్నాడు గుమాస్తా ఒకడు. లేఖనాలు అప్పగించిన ద్రోహుల చేతి సంస్కారాలు చెల్లవంటూ దొనాతు వర్గం విడిపోయినప్పుడు, ఆ పక్షాన నిలిచిన సిర్తా బిషప్పు ఈ సిల్వానుసే. 320 డిసెంబరులో గవర్నరు జెనోఫిలుస్ ఎదుట జరిగిన విచారణలో, 303 నాటి ఆ సోదా కాగితాలు బయటికి తీసి చదివారు. బిషప్పు గారికి దేశబహిష్కారం పడింది.